సీసం తిన్న కందిచేను

అప్పటి మన సినిమాల్లో ఆకాశం కదిలేది కాదు. మీరు గమనించి ఉండరు. పెద్ద ఫ్యాను తిప్పితే హీరోయిన్ పైట ఎగిరేది, కాగితం పూలు రాలేవి, హీరో జుట్టు విగ్గు కాబట్టి కాస్త ఆలోచించుకుని కదిలేది. వెనకాల నీలం ఆకాశం మాత్రం బండలా నిలబడి ఉండేది. దాన్ని అలా నిలబెట్టినవాణ్ణి నేను. నా నోటి సంగతి తెలిసినవాళ్లు ఇదీ ఒక కోతే అనుకుంటారు. కాదు. ఇందులో కోత ఎక్కడ కోశానో అక్కడ నేనే చెబుతాను. చెప్పక తప్పదు, దాని గురించే రాస్తున్నాను కాబట్టి.

ఆ ఆకాశం ఒక గుడ్డ. ముప్పై అడుగుల పొడవున కాటన్ గుడ్డ కుట్టించి, దాని మీద పెయింటర్లు నీలం కొట్టి, స్పాంజితో మబ్బులు అద్దేవాళ్లు. ఫ్యాను గాలికి అది ఊగిందంటే కెమెరా పట్టేస్తుంది. అందుకని కింది అంచును సంచిలా మడిచి కుట్టి, అందులో సీసపు కడ్డీలు దూర్చేవాళ్లం. కడ్డీలకు సీసం వెతుక్కోవలసిన పని లేదు. జనరేటర్ బండ్లలో చచ్చిన బ్యాటరీలు మా షెడ్డు వెనకాల గుట్టగా పడి ఉండేవి. సుత్తితో పగలగొట్టి, లోపలి యాసిడ్ నేల మీద ఒంపి, పలకలు కడిగి, పాత మూకుట్లో బొగ్గుల మీద కరిగించి, పొడి ఇసుకలో వేలితో గీసిన గాడిలో పోస్తే కడ్డీ తయారు. కడిగిన నీళ్లు పక్కనున్న గుంటలోకి పోయేవి. గుంట అడుగున తెల్లటి బురద పేరుకునేది. ఎండితే చూడ్డానికి అచ్చం సున్నం.

ఆ పని చేసేది నేనొక్కణ్ణే. నాకప్పుడు ఇరవై అయిదేళ్లు. పరిశ్రమ మద్రాసు నుంచి పెట్టె సర్దుకుని హైదరాబాదు వస్తూ ఉంటే, దాని వెనకాలే గుంటూరు వైపు నుంచి నేనూ వచ్చి, ఫిల్మ్ నగర్ ఏటవాలులో ఒక ప్రాపర్టీ షెడ్డుకు స్టోర్ కీపర్‌గా కుదిరాను. సింహాసనాలు, ఉయ్యాలలు, ఉత్తుత్తి తుపాకులు, ఆకాశాలు నా అధీనంలో ఉండేవి. షెడ్డుకు ఎగువన జూబ్లీ హిల్స్ బండల మధ్య పెద్దవాళ్ల ఇళ్లు లేస్తున్నాయి. దిగువన, రాళ్ల ప్రహరీ కట్టిన ఖాళీ ప్లాటు ఒకటి ఉండేది. మద్రాసులో స్థిరపడిన ఒక పెద్దమనిషి కొని పడేసిన స్థలం. దానికి కాపలా ఒక అక్క.

ఈ చుట్టుపక్కల పుట్టి పెరిగిన మనిషి. మొదట ఆమె భర్త కాపలా ఉండేవాడట. ఆయన పోయాక ఆ మూల గుడిసె, ఆ ప్లాటు ఆమె చూసుకునేది. జీతం బదులు ప్లాటులో ఏం వేసుకున్నా అడగనని యజమాని మాట. ఆమె వేసేది కంది ఒక్కటే. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేది.

ఆమె కందులు అంగట్లో దొరికే రకం కాదు. గింజ చిన్నది, ముదురు ఎరుపు, కన్ను దగ్గర కాటుక చుక్క పెట్టినట్టు నల్లటి మచ్చ. పెళ్లయినప్పుడు వాళ్ల అమ్మ కొంగున కట్టి పంపిన విత్తనమట. ఆ పుట్టింటి ఊళ్లో చేలన్నీ ప్లాట్లయిపోయాయి, ఆ రకం వేసేవాళ్లు లేరు. ఏటా పంటలోంచి మంచి గింజ ఏరి, బూడిద కలిపి, వేపాకు వేసి, కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి గుడిసెలో దూలానికి వేలాడదీసేది. మిగతా కందుల మీద ఆమెకు పెద్ద పట్టింపు లేదు. ఎవరు అడిగినా దోసెడు పెట్టేది. ఆ కుండ మీద మాత్రం ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు.

మార్గశిరంలో కాయలు పాలు పట్టి, గింజ నిండేవేళకు ఆమె పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టేది. కుండ దించగానే గోడ మీద నుంచి ఒక పళ్లెం నాకు అందేది. బదులుగా నేను కథ చెప్పాలి. అది మా ఇద్దరి మధ్య ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు. కాయ ఒలుచుకుంటూ గోడకు ఆనుకుని నేను మొదలుపెట్టేవాణ్ణి.

"మా తాత కందిచెట్టు మీదికి నిచ్చెన వేసి ఎక్కేవాడక్కా. ఒకసారి పైన ఉండగానే కింద ఎవడో నిచ్చెన తీసుకుపోయాడు. మళ్లీ పంట దాకా దిగలేదు."

"మరి గాడనే ఉన్నడా? పెండ్లి గిట్ల ఎట్లయింది మీ తాతకు?"

"మా నాయనమ్మ పక్క చెట్టు మీద ఉండేది."

"నీ నోట్లె మన్నువడ," అని ఆమె పళ్లెంలో ఇంకో గుప్పెడు పోసేది. ఒక్క ముక్క నమ్మేది కాదు. నమ్మించాలని నాకూ ఉండేది కాదు. ఆ నవ్వు చాలు.

నేను వచ్చిన మొదటి ఏడు పంట బాగా వచ్చింది. కోతలయ్యాక ఆమె కాగితంలో రెండు దోసిళ్ల విత్తనం పొట్లం కట్టి గోడ మీద పెట్టింది.

"మీ ఊరికి పంపియ్యి తమ్మీ. మీ అమ్మ గట్టు మీద ఏసుకుంటది."

నాకు తప్ప ఇంకెవరికీ అలా ఇవ్వలేదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, "ఇప్పట్లో ఊరికి వెళ్లేది లేదక్కా, వచ్చే ఏడు తీసుకుంటాలే," అన్నాను. ఆమె పొట్లం విప్పి గింజలు మళ్లీ కుండలో పోసుకుంది. ఇది కోత కాదు. కోతయితే బాగుండేది.

ఆ వేసవిలో మా మేనేజరు షెడ్డుకు వచ్చి, గుంట పూడ్చి చదును చేయమన్నాడు. వచ్చే వారం పెద్ద షూటింగు, అక్కడ కార్లు ఆగాలట. గుంట చూస్తే అంచుల దాకా ఆ తెల్ల బురద. ఎండి గట్టిపడింది. నేనొక్కణ్ణి తవ్వి ఎత్తి పోయాలంటే నాలుగు రోజులు, మే నెల ఎండలో. పార పట్టుకుని దాని వంక చూస్తూ నిలబడ్డాను. గోడ మీద నుంచి అక్క చూసింది.

"ఏంది తమ్మీ గది, సున్నమా?"

"చంద్రుడక్కా."

"ఏం చంద్రుడు?"

"మొన్న పౌర్ణమి సెట్టు వేశాం కదా. చంద్రుణ్ణి పీకి గీకితే రాలిన పొడి."

"ఆపు ఇగ. జర నిజం చెప్పు. గా గుంత సుట్టు గడ్డి పోచ గూడ మొలుస్తలేదు, నేను సూస్తనే ఉన్న. నా చేన్ల గరిక మస్తు లేస్తున్నది. దానికి గిట్ల పన్జేస్తదా?"

రైతు మనిషి అడిగిన మంచి ప్రశ్న అది. గడ్డి మొలవకపోవడం ఆమె చూసింది, దాన్నుంచి ఒక లెక్క కట్టింది, నన్ను అడిగింది. అది విషమక్కా, ముట్టుకోకు అని నేను అనాలి. ఆ యాసిడ్ చుక్క పడి నా చొక్కాలన్నీ జల్లెడలయ్యాయి, నాకు తెలియనిది కాదు. కానీ నా చేతిలో పార ఉంది, ఎదురుగా నాలుగు రోజుల పని ఉంది, నాలుక మీద కథ ఉంది.

"కలుపు ఒక్కటి రాదక్కా. కంది మాత్రం ఏనుగు తొండమంత కాండం వేస్తుంది. మా వైపు లంకల్లో మినుముకు ఇదే చల్లుతారు. దొరక్క కొట్టుకుంటారు."

"గంత మంచిదైతే నువ్వెందుకు పారబోస్తున్నవ్?"

"నాకు చేనుందా?"

ఆమె ఎప్పటిలా నవ్వలేదు. నా తాతను, చంద్రుణ్ణి నమ్మని మనిషి దీన్ని నమ్మింది. ఎందుకంటే ఇందులో మందు, కలుపు, చేను ఉన్నాయి. చేను గురించి ఎవరైనా అబద్ధం చెబుతారని ఆమెకు తోచలేదు.

గంప తెచ్చుకుంది. నేను తవ్వాను, ఆమె మోసింది. గంప ఎత్తి ఆమె నెత్తి మీద పెట్టింది ఈ చేతులే. రెండు రోజుల్లో సగం గుంట ఖాళీ అయింది. ప్లాటు ఎగువ సగమంతా తెల్లగా, ముగ్గు చల్లినట్టు కనిపించింది. గుంటలో మిగిలింది మీద మట్టి కప్పి కార్లకు చోటు చేశాను. మేనేజరు భుజం తట్టాడు. తొందరగా అయిందే అన్నాడు.

మృగశిర కార్తెలో వాన పడింది. ఆమె కంది విత్తింది. మొలకలు అంతటా ఒకేలా వచ్చాయి. జానెడు ఎత్తు వచ్చాక ఎగువ సగం అక్కడే ఆగిపోయింది. దిగువ సగం నడుము దాటి, భుజం దాటి, మనిషిని దాచేంత ఎదిగితే, ఎగువన మోకాలి ఎత్తు మొక్కలు పసుపు పూసుకున్నట్టు నిలబడ్డాయి. కింది ఆకులు అంచుల నుంచి ఎండుతూ వచ్చాయి. గరిక నిజంగానే పోయింది. అదొక్కటే నేను చెప్పినట్టు జరిగింది.

"గిది ఏంది తమ్మీ, పైకేమో పొట్టి, కిందికేమో పొడుగు. ఒక్కటే ఇత్తనం, ఒక్కటే వాన."

"మొన్న ఫైటింగ్ సీనులో బాంబులు పేల్చారు కదా. షెడ్డుకు దగ్గరున్నవి జడుసుకున్నాయి."

నవ్వింది. నవ్వి, మళ్లీ అడిగింది. "ఒట్టిగనే కాదు తమ్మీ, నువ్వు జెప్పిన మందు ఎక్కువైందా?"

అప్పుడైనా అనవచ్చు. అనలేదు. "మందు మొదటి ఏడే పట్టదక్కా. రెండో ఏడు చూడు," అన్నాను. ఆ మాటతో ఇంకేం జరుగుతుందో నేను ఆలోచించలేదు. ఆమె ఆలోచించింది. మందు చాలలేదనుకుంది. మళ్లీ వేసవిలో నేను షూటింగు సామానుతో ఊటీలో ఉండగా, కార్లు నిలిపే చోటు మట్టి గీకి, మిగిలిన బురద కూడా మోసుకుపోయి దిగువ సగంలో చల్లింది. నేను తిరిగి వచ్చేసరికి ప్లాటంతా తెల్లగా ఉంది.

"నీ చంద్రుని అంత ఊడ్చిన," అంది గోడ మీద నుంచి, గొప్పగా.

ఆ ఏడు ప్లాటు అడుగు నుంచి పైదాకా మోకాలి ఎత్తే. పూత వచ్చింది, సగం రాలింది. కాయ పట్టినవి కూడా పలచగా, లోపల రెండు గింజలు, ఒకటి తాలు. అయినా ఉడకబెట్టి నాకు పళ్లెం ఇచ్చింది. తిన్నాను. కథ చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

ఆ రోజుల్లోనే పక్క స్టూడియో ఫ్లోరులో కోర్టు సీను పడింది. జడ్జి వేషం వేసింది ఒక రిటైరైన పెద్దాయన. వ్యవసాయ కళాశాలలో మట్టి పరీక్షల గదిలో ముప్పై ఏళ్లు పనిచేసి, ఖాళీగా ఉండలేక సినిమాల్లోకి వచ్చాడు. తెల్ల జుట్టు, బరువైన కళ్లజోడు, నవ్వని మొహం. వేషాలిచ్చేవాళ్లు ఆయనకు జడ్జి తప్ప ఇంకోటి ఇచ్చేవాళ్లు కాదు. భోజనాల విరామంలో నల్లకోటు, మేకప్‌తోనే మా షెడ్డు నీడకు వచ్చి, గోడ మీద నుంచి చేను చూశాడు. అక్క నీళ్లకు వెళ్లింది. ఆయన ప్లాటులోకి దిగి ఒక మొక్క పీకాడు. నేనూ వెనకే దిగాను.

వేరు దులిపి, కళ్లజోడు పైకెత్తి, గోటితో గీరి చూశాడు.

"దీనికి బుడిపెలేవయ్యా?"

"ఏం బుడిపెలండీ?"

"కంది, పెసర, మినుము, ఏ పప్పుజాతి వేరుకైనా చిన్న చిన్న బుడిపెలుండాలి. ఆవగింజలంత, శనగలంత. చిదిపితే లోపల ఎర్రగా ఉంటుంది. కంటికి కనబడని జీవులు వాటిలో కాపురముండి గాల్లోంచి ఎరువు తీసి మొక్కకు పెడతాయి. దీని వేరు చూడు, చివర్లు మాడిపోయి, కురచగా చీపురు మొదట్లా ఉంది. ఒక్క బుడిపె లేదు. ఆ జీవుల్ని ఏదో తరిమేసింది. మొక్క పస్తు ఉంది."

వంగి, మట్టిలోంచి తెల్లటి పెళ్ల ఒకటి తీసి వాసన చూశాడు. నా వంక తిరిగాడు.

"ఇక్కడ బ్యాటరీలు గాని పగలగొట్టారా?"

"లేదండీ."

ఆయన నా చొక్కా మీది చిల్లులు ఒక్కొక్కటే చూశాడు. కాలరు నుంచి మొదలుపెట్టి కింది గుండీ దాకా.

"చొక్కాకు చెదలు పట్టిందా?"

ఆయన పెళ్లను కింద పడేసి చేతులు దులుపుకున్నాడు.

"సీసం నేలలో పడితే పోదు. వానకు కడుక్కుపోదు, ఎండకు ఎగిరిపోదు. మనం పోతాం, అది ఉంటుంది. ఈ చేను ఎవరిదో వాళ్లతో చెప్పండి. ఈ కాయలు తినొద్దు. ఇక్కడ ఇంకేమీ విత్తొద్దు. విత్తనం మిగిలి ఉంటే వేరే నేలలో వేసుకోమనండి. విత్తనానికి జబ్బు లేదు, జబ్బు నేలకే."

ఎవరో కుర్రాడు పైనుంచి కేకేశాడు. "జడ్జిగారూ, షాట్ రెడీ అండీ." ఆయన కోటు సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం ఎవరికో యావజ్జీవం వేశాడు. నాకేమీ వేయలేదు.

ఆ మొక్కను ఆయన పడేసిన చోటు నుంచి తీసి, అక్క వచ్చేలోగా గోడ అవతల విసిరేశాను. ఆ సాయంత్రమే చెప్పాలనుకున్నాను. మర్నాడు అనుకున్నాను. మేనేజరుకు తెలిస్తే ఉద్యోగం పోతుందేమో అని భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మేనేజరుకు కందిచేను సంగతి ఎందుకు? అసలు కారణం చిన్నది. చెప్పిన రోజున గోడ మీద పళ్లెం ఆగిపోతుంది. తమ్మీ అనే పిలుపు ఆగిపోతుంది. హైదరాబాదులో నాకు అప్పటికి ఉన్న బంధువు ఆమె ఒక్కతే. అలా పుష్యం పోయింది, మాఘం పోయింది, ఎండలు వచ్చాయి.

మళ్లీ మృగశిర. ముందురోజు రాత్రి వాన పడింది. పొద్దున్నే గోడ మీద నుంచి చూస్తే ఆమె దూలం మీది కుండ దించి చేట్లో ఒంపుకుంటోంది. మొదటి ఏడు కుండ మూతి దాకా ఉన్న విత్తనం, ఇప్పుడు చేట అడుగున పలచగా పరుచుకుంది. బూడిద ఊదుతూ ఏరుతోంది. పుచ్చువి ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు.

"గింతే తమ్మీ మిగిలింది. ఈ ఏడు గూడ రాకుంటే మా అమ్మ ఇత్తనం ఇగ ఖతం. ఏడాది దాటితే గింజ పుచ్చిపోతది, దాసుకునుడు గూడ కాదు."

ఆ మాట విన్నాక ఇక ఆగలేకపోయాను. గోడ దూకి వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, ఇక్కడ వేయకు. నేను నీకు అబద్ధం చెప్పాను. అది మందు కాదు. బ్యాటరీలు కడిగిన బురద. అందులో సీసం ఉంది. ఆకాశం గుడ్డ ఊగకుండా కట్టే సీసం. అది నీ కంది వేళ్లను తినేసింది."

ఆమె ఏరడం ఆపలేదు. "ఆకాశానికి కట్టేది నా కందిని తిన్నదా?"

"నిజమక్కా. కంది వేళ్లకు బుడిపెలుంటాయి. వాటిలో కంటికి కనబడని జీవులు కాపురం ఉంటాయి. గాల్లోంచి ఎరువు తీసి మొక్కకు వండి పెడతాయి. సీసం వాటిని చంపేసింది. అందుకే మొక్కలు పస్తులు ఉన్నాయి."

చెబుతుంటేనే నాకు వినిపిస్తోంది, ఇది ఎలా ఉందో. గాలిని వండుకునే జీవులు. ఆకాశానికి కట్టిన సీసం. నా తాత కందిచెట్టు కూడా ఇంతకంటే నమ్మేలా ఉండేది. ఆమె పెదవులు బిగబట్టి వింటోంది. కథ వినేటప్పుడు ఎలా బిగబట్టేదో అలాగే.

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"జడ్జి."

"ఏం జడ్జి?"

"సినిమా జడ్జి. కోర్టు సీనులో వేసిన ఆయన."

అంతే. చేట ఒళ్లోంచి జారకుండా పట్టుకుని, వెనక్కి వాలి నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. "సినిమా జడ్జి తీర్పు జెప్పిండా నా చేనుకు. పొద్దుపొద్దున్నే మంచిగ జెప్పినవ్ తమ్మీ. గాల్ని వండుకునేటోళ్లకు పొయ్యి ఏడున్నది మరి?"

ఆమె నవ్వితే నేను నవ్వడం నాకు అలవాటు. ఇన్నేళ్ల అలవాటు. ఆ నవ్వు వినిపించగానే నా మొహం దానంతటదే విచ్చుకుంది. నేనూ నవ్వాను. ఒక్క క్షణమే. తర్వాత బిగపట్టుకుని, "ఒట్టక్కా, మా అమ్మ మీద ఒట్టు," అన్నాను.

"మీ తాత నిచ్చెన మీద గూడ ఒట్టు పెట్టినవ్."

"పోనీ సగమైనా వేరే చోట వేయి. మధురానగర్‌లో మీ మరిది ఇంటి వెనక జాగా ఉందన్నావు కదా."

"గాడ కోళ్లు తిరుగుతయ్. ఒక్క గింజ ఉండనియ్యవు. పో, నీ షెడ్డు కాడ ఎవరో పిలుస్తున్నరు."

నిజంగానే ఎవరో పిలిచారు. లారీ వచ్చింది, సింహాసనం ఎక్కించాలట. వెళ్లాను. ఎక్కిస్తూ మధ్యలో గోడ వంక చూశాను. నాగలి లేదు, పలుగుతో గీత గీసుకుంటూ, వంగి, ఒక్కొక్క గింజ జారవిడుస్తూ పోతోంది. నేను వెళ్లి చేట లాక్కోవచ్చు. బ్యాటరీ ఒకటి తెచ్చి ఆమె ఎదుట పగలగొట్టి చూపించవచ్చు. కనీసం ఒక దోసెడు గింజలు దొంగతనం చేయవచ్చు. ఇవన్నీ తర్వాత తోచినవి. ఆ వేళ నాకు తోచింది ఒకటే, చెప్పాల్సింది చెప్పేశాను కదా అని. సింహాసనం కాళ్లకు గోనె పట్టా చుట్టి తాడు బిగించాను.

ఆ ఏడు కంది జానెడు దాటలేదు. పూతకు ముందే చాలా మొక్కలు ఎండాయి. బతికినవి అక్కడక్కడా కాయ వేశాయి, గింజ ముడతలు పడి, మిరియాలంత. ఆమె వాటినే ఏరి తడిగుడ్డలో కట్టి మొలక చూసింది. రాలేదు. మళ్లీ కట్టింది. రాలేదు.

ఒక మధ్యాహ్నం నేను బ్యాటరీ పగలగొడుతున్నాను. అవును, ఇంకా పగలగొడుతూనే ఉన్నాను. పని లేకుండా గోడ ఇవతలికి రాని మనిషి, చుట్టూ తిరిగి గేటులోంచి షెడ్డు వెనక్కి వచ్చింది. చేతిలో ఎండిన కంది మొక్క, వేరుతో సహా. నా పక్కన కూర్చుంది. పగిలిన డబ్బా అడుగున ఉన్న తెల్లటి బురదను వేలితో ముట్టబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. వదిలించుకుని, కొద్దిగా తీసి, బొటనవేలితో రాసి చూసుకుంది. తర్వాత కంది వేరు వంక చూసింది. బుడిపెల కోసం వెతుకుతోందని నాకు అర్థమైంది.

"మంచి కందికి ఉంటయ్ తమ్మీ. పీకినప్పుడు సూసేదాన్ని, వేరుకు రవ్వలు రవ్వలు. పురుగు గుడ్లనుకున్న."

"అక్కా..."

"గా పొద్దు నువ్వు నవ్వకుంటే నమ్మేదాన్ని."

అరిచి ఉంటే, తిట్టి ఉంటే, మన్నెత్తి పోసి ఉంటే నేనేదో ఒకటి అనేవాణ్ణి. ఆమె మొక్కను అక్కడే పెట్టి, చీర కొంగుతో వేలు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

తర్వాత కూడా తమ్మీ అనే పిలిచేది. టీ పొడి అయిపోతే గోడ మీద నుంచి అడిగేది. కథ మాత్రం మళ్లీ అడగలేదు.

రెండేళ్లకు ప్లాటు యజమాని పిల్లలు వచ్చి ఇల్లు మొదలుపెట్టారు. సెల్లారు కోసం మనిషి లోతు తవ్వి, ఆ మట్టి లారీల్లో ఎక్కడికో తోలించారు. ఎవరి గుంటలు పూడ్చడానికి వెళ్లిందో, దాని మీద ఎవరు ఏం విత్తుకున్నారో తెలియదు. మేనేజరుకు చెప్పాను ఈసారి. ఆయన నవ్వి, "నీ కథలు నిర్మాతకు చెప్పవయ్యా, పనికొస్తాయి," అన్నాడు. అక్క మధురానగర్‌లో మరిది ఇంటికి వెళ్లిపోయింది.

ఒకసారి అక్కడికి వెళ్లాను. ఇంటి వెనక, కోళ్లకు అందకుండా ముళ్లకంప కట్టి, పది కంది మొక్కలు. నా భుజం దాటి ఉన్నాయి. అంగడి విత్తనం, తెల్లటి లావు గింజ. కాయలు ఉడకబెట్టి పళ్లెంలో పెట్టింది.

"నువ్వు జెప్పిన జాగనే," అంది. "జాగ మంచిగనే ఉన్నది."

తింటున్నంతసేపూ ఆమె నా మొహం వైపు చూడలేదు. నేను వచ్చేటప్పుడు ఒక మొక్క పీకి, వేరు దులిపి నాకు చూపించింది. రవ్వలు రవ్వలుగా ఉన్నాయి. గోటితో ఒకటి చిదిపింది. లోపల ఎర్రగా ఉంది.

ఇప్పటికీ కిరాణా కొట్లో కందుల బస్తా మూతి విప్పి ఉంటే చెయ్యి లోపలికి పెట్టి ఒక గుప్పెడు తీసి వెలుతురులో చూస్తాను. చిన్న గింజ, ముదురు ఎరుపు, కన్ను దగ్గర నల్లచుక్క. ఎక్కడా లేదు. కొట్టువాడు ఏం వెతుకుతున్నారండీ అంటే చెబుతాను, ఆకాశానికి కట్టిన సీసం దగ్గర మొదలుపెట్టి, అంతా. గాలిని వండుకునే జీవుల దాకా వచ్చేసరికి వాడు నవ్వుతాడు. నేను గుప్పిట విప్పి గింజలు బస్తాలో పోసి, వాడి నవ్వు అయిపోయే దాకా మొహం కదపకుండా నిలబడతాను.